ముగ్గురి ఫోటో

మా అక్కకు పెళ్లయి పన్నెండేళ్లు నిండినా, ఆమె, బావ, వాళ్ల బిడ్డ, ఈ ముగ్గురే ఉన్న ఫోటో ఆ ఇంట్లో ఒక్కటి కూడా లేదు. ఫోటోలు లేక కాదు. ఇనప్పెట్టెలో చీరల కింద ఒక బిస్కెట్ డబ్బా నిండా ఉన్నాయి. ప్రతి ఫోటోలో నాలుగో మనిషి ఉంటారు. ఎక్కువసార్లు ఆ నాలుగో మనిషి మా అక్క అత్తగారే. ఆమె ఊళ్లో లేనప్పుడు పక్కింటావిడ, పాలు పోసే ఆయన, ఒకసారైతే జాతరలో బెలూన్లు అమ్ముకునే మనిషి. ఆయన పేరేమిటో, ఏ ఊరో ఎవరికీ తెలియదు. చేతిలో బెలూన్ల గుత్తి పట్టుకుని, మా వాళ్లందరికంటే గంభీరంగా నిలబడ్డాడు.

కారణం మా వైపు అందరికీ తెలిసిందే. ముగ్గురు కలిసి ఫోటో దిగకూడదు. దిగితే నడుమ ఉన్న మనిషికి మంచిది కాదంటారు. చాలా ఇళ్లలో ఆ మాట ఒకసారి అనేసి, నవ్వేసి, ఫోటో దిగేస్తారు. అక్క అత్తగారు, అంటే నేను అత్తమ్మా అని పిలిచే మనిషి, నవ్వి ఊరుకునే రకం కాదు. కెమెరా బయటికి తీస్తే చాలు, వేలు చూపించి మనుషుల్ని లెక్కపెట్టేది. మూడు తేలితే వచ్చి సరిగ్గా నడుమ నిలబడేది. నాలుగు తేలినా వచ్చి నడుమే నిలబడేది. అక్క పెళ్లి ఫోటోలో కూడా అక్కకూ బావకూ మధ్య ఆమె ముఖమే ఉంటుంది.

తొంభైల చివర్లో నేను మేడ్చల్‌లో ఒక ప్లాస్టిక్ డబ్బాల కంపెనీలో స్టోర్ చూసుకునేవాణ్ణి. బస్టాండు దగ్గర ఫోటో స్టూడియో పెట్టుకున్న ఒక ముసలాయన ఉండేవాడు. అందరూ చాచా అనేవారు. ఆయన వాడి వదిలేసిన కెమెరా ఒకటి నేను కొనుక్కున్నాను. కొన్న నెలకే నేను ఫోటోగ్రాఫర్‌నని నాకు గట్టి నమ్మకం కుదిరింది. ఆ నమ్మకం ఇంకెవరికీ కుదరలేదు. కొత్త కాలనీల్లో ఆంధ్రా నుంచి వచ్చి ఉంటున్న ఉద్యోగస్తుల కుటుంబాలు ఆదివారం శామీర్‌పేట చెరువు కట్టకు వెళ్తూ నన్ను తోడు తీసుకెళ్లేవి. ఒకావిడ ఫోటో చూసుకుని, "ఏంటండీ ఇది, మావారి నెత్తి మీద కరెంటు స్తంభం మొలిచింది" అంది. ఇంకొకాయన, "బాబూ, చెరువు బాగా పడింది, మేమెక్కడ?" అని అడిగాడు. చాచా నా ప్రింట్లు చూసి తల పట్టుకునేవాడు. "అరె మియా, ముందు రోషనీ చూడు, అటెన్క మనిషిని చూడు" అని ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. నాకు మనిషీ కనిపించేవాడు కాదు, వెలుతురూ కనిపించేది కాదు. కెమెరా గాజులోంచి చూస్తున్నంతసేపూ నా గొప్పతనమే కనిపించేది.

అలాంటి రోజుల్లోనే అక్క నన్ను ఆ ఫోటో అడిగింది. వాళ్లది రావల్కోల్. బావకు అక్కడ ద్రాక్ష తోట ఉండేది. నేను ఏదో పని మీద వెళ్తే, పెరట్లో గిన్నెలు తోముతూ, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"తమ్మీ, నువ్వు ఫోటోలు తీస్తున్నవంట గద. మా ముగ్గురిది ఒకటి తియ్యిరా. నేను, మీ బావ, పిల్ల. ఇగ ఎవ్వరొద్దు."

"మీ అత్త ఒప్పుకుంటదా?" అన్నాను.

"ఆమెకు చెప్పేదేంది?" అంది. కాసేపు గిన్నెనే తోమింది. "పన్నెండేండ్ల సంది సూస్తున్న. ఏ ఫోటో జూసినా మా నడుమ ఎవరో ఒకరు అడ్డం. రేపు నా బిడ్డ పెద్దగైనంక, మా అమ్మ నాయిన నేను గిట్లుంటిమి అని సూస్కోనీకి ఒక్కటుండొద్దా? ఒక్కటంటే ఒక్కటి. అటెన్క నిన్నేమడగ."

మా అక్క నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. చిన్నప్పుడు నా పుస్తకాల సంచి కూడా తనే మోసిన మనిషి. ఒక్క ఫోటో ఎంత పని, వచ్చే ఆదివారమే తీసేస్తానని చెప్పాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

వచ్చే ఆదివారం అత్తమ్మ బౌరంపేటలో చుట్టాల పెళ్లికి పోతోంది. ఆమె బస్సెక్కగానే మేం తోటలోకి వెళ్లాలని ఏర్పాటు. ఆమె పదింటికి బస్సెక్కింది. అక్క తల దువ్వుకుని, పిల్లకు జడ వేసి, పట్టుచీర కట్టుకుని బయటపడేసరికి పన్నెండు దాటింది. మిట్టమధ్యాహ్నం ఫోటో తీయకూడదని చాచా చెప్పాడు. చెప్పాడు గనకే నేను నీడలో తీద్దామనుకున్నాను. ద్రాక్ష పందిరి కింద నీడే కదా అని ముగ్గురినీ అక్కడ నిలబెట్టాను. పైన తీగలు, ఆకులు, ఆకుల సందుల్లోంచి చిల్లుల చిల్లులుగా ఎండ. నేను గుత్తులు ఫోటోలో పడుతున్నాయా లేదా అని చూసుకుంటున్నాను.

బావ మంచివాడు. కాని పిరికి. పిల్లను మధ్యలో పెట్టి, భార్యను ఆ పక్క నిలబెట్టి, తను ఈ పక్క నిలబడ్డాడు. వెంటనే మెడ తిప్పి తోటంతా వెతకడం మొదలుపెట్టాడు.

"బామ్మర్దీ, ఆ తీగలకు మందు కొట్టే ఆయన్ని గూడ పిలుద్దమా? ఊకెనే, ఓ పక్కకు నిలబడ్తడు" అన్నాడు.

"ఆయన్ని పిలిస్తే నేను దిగ" అంది అక్క.

"పిలువనులే. అడిగిన గంతే."

"మామా, కండ్లల్ల ఎండ గొడ్తాంది" అంది పిల్ల. నా మేనకోడలు. తొమ్మిదేళ్లది.

"కండ్లు తెరిసి ఉంచు" అని కసిరాను. పాపం, అది కళ్ల నిండా నీళ్లు పెట్టుకుని అలాగే నిలబడింది. రీలులో సగం నొక్కేశాను. ప్రతిసారీ బావ తల ఏదో ఒక వైపు తిరిగేది. నాకు ఒళ్లు మండిపోయింది. పెళ్లయి పన్నెండేళ్లయిన మనిషి భార్యాబిడ్డల పక్కన రెండు నిమిషాలు కుదురుగా నిలబడలేడా అని గట్టిగానే అనేశాను. అక్క నన్ను చూసిన చూపుకు గబుక్కున కెమెరా కంటికి ఆనించుకున్నాను.

వారం తర్వాత ప్రింట్లు వచ్చాయి. ముగ్గురి ముఖాల మీదా రూపాయి బిళ్లలంత తెల్లటి మచ్చలు. మిగతా ముఖమంతా మసి. ఎవరైనా చూస్తే ఇంటిల్లిపాదికీ చర్మరోగం వచ్చిందనుకుంటారు. ఒక్కదాంట్లో మాత్రం బావ కెమెరా వైపు చూశాడు, కాని ఆయన ముక్కు మీద ఎండ పడి ముక్కే లేనట్టుంది. చాచా దాన్ని ఒక్క చూపు చూసి, టీ తాగడానికి వెళ్లిపోయాడు.

అక్క మాత్రం ఆ ముక్కు లేని ఫోటోనే తీసుకుని బిస్కెట్ డబ్బాలో అన్నిటి పైన పెట్టుకుంది. మూడు రోజుల్లో అది అత్తమ్మ కంటబడింది. ఆమె తీసుకెళ్లి నీళ్లు కాగుతున్న పొయ్యిలో పెట్టేసింది.

ఆ సంగతి తెలిసి నేను కోపంతో వెళ్లాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. అత్తమ్మ అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నేను అడగకముందే తనే మొదలుపెట్టింది.

"కూసో బిడ్డా. నీ మీద నాకేం కోపం లేదు. మీకు ఎర్క లేదు, గంతే" అంది. "నీ బావ కంటె ముందు నాకొక కొడుకు. ఆరేండ్లోడు. జాతరల డేరా ఏసి ఫోటోలు తీస్తుండిరి. ఓ పక్క నేను, ఓ పక్క మీ మామ, నడుమ వాడు. కొత్త లాగు తొడిగిచ్చిన. ఆ ఫోటో చేతికొచ్చిన నెలకు జొరమొచ్చి పోయిండు."

"జొరమొస్తే ఫోటో ఏం జేస్తది అత్తమ్మా?" అన్నాను.

"ఏం జేస్తదో నాకెర్క లేదు. ఫోటో దిగకముందు పోరడు మంచిగనే ఉండె."

ఆ మాటకు నా కోపం ఇంకా పెరిగింది. లోపలికి వెళ్తే అక్క పొయ్యి ముందు కూర్చుని, "ప్రతిసారి గదే చెప్తది. నాకు పాపమనిపియ్యదా? అనిపిస్తది. కని నా ఫోటో నా పొయ్యిలనే పెట్టుడేంది?" అని ముక్కు చీదుకుంది. ఇగ నువ్వు వదిలెయ్యి తమ్మీ అని కూడా అంది. నేను వదలలేదు. నిజం చెప్పాలంటే అప్పటికి అక్క కోసం సగం, నా పంతం కోసం సగం.

ఉపాయం చాచా దగ్గర దొరికింది. రీలులో పడిందంతా కాగితం మీదికి రావాలని లేదు, కావలసినంత ముక్కే ప్రింటు వేసుకోవచ్చని ఆయన చూపించాడు. అంటే నలుగురినీ నిలబెట్టాలి, అత్తమ్మను ఒక అంచుకు నిలబెట్టాలి, ప్రింటు వేసేటప్పుడు ఆమె వరకు తీసేయాలి. దిగేటప్పుడు నలుగురు గనక బావకు భయముండదు. అత్తమ్మకు పూర్తి ఫోటో ఒకటి ఇస్తే ఆమెకూ అనుమానం రాదు. అక్కకు చెప్తే, "పాపం తగల్తదేమోరా" అంది. మళ్లీ తనే, "ఎప్పుడు పోదాం?" అంది.

శామీర్‌పేట కట్ట మీదికి వెళ్దామంటే అందరికంటే ముందు తయారైంది అత్తమ్మే. కోడలి తమ్ముడు ఫోటో తీస్తాడని కొత్త చీర కట్టుకుంది. సర్వపిండి రొట్టెలు చేసి స్టీలు డబ్బాలో పెట్టుకొచ్చింది. బస్సు దిగి కట్ట మీద నడుస్తూ దారిలో కనబడ్డ వాళ్లందరికీ, "మా వోడే, ఫోటోలు తీస్తడు" అని చెప్పింది. నేను తల వంచుకుని నడిచాను. అయినా మనసు గట్టి చేసుకున్నాను.

సాయంత్రం నాలుగు దాటింది. ఎండ మెత్తబడుతోంది. ఈసారి రోషనీ సరిగ్గా చూశాను. ముగ్గురినీ నిలబెట్టాను. అత్తమ్మ తిన్నగా వచ్చి అక్కకూ పిల్లకూ మధ్యలో నిలబడింది.

"అత్తమ్మా, నువ్వు ఈ పక్కకు రా."

"ఎందుకు?"

"ఈడ మంచిగొస్తవు."

"నేను మంచిగొచ్చి ఏం జేసేదున్నది? నడుమనే ఉంట."

"నలుగురున్నరు గద. ఇంక భయమేంది?" అన్నాను, చిరాకు ఆపుకోలేక.

"నలుగురున్నా పదిమందున్నా నడుమ నడుమనే. ఏమన్నైతే నాకే గావాలె. నేనింక బతికేదెంత? మీరు పక్కలకుండుర్రి" అంది. వంట ఏం చేయాలో చెప్పే గొంతుతోనే అంది.

నేను ఆ మాట పట్టించుకోలేదు. పొద్దు దిగుతోంది, గాలికి చీరల కొంగులు లేస్తున్నాయి, వెనక ఎవరో కుటుంబం చాప పరుచుకుని అన్నాలు తింటోంది, నా చేతిలో రీలు ఒక్కటే. కాని గాజులోంచి చూస్తుంటే అక్క మెడ తిప్పి అత్తమ్మను చూడటం కనిపించింది. ఆ చూపు కూడా నాకు అడ్డమే అనిపించింది. ఇటు చూడు అక్కా అని అరిచాను.

ఇక లాభం లేదని అబద్ధమాడాను. "అత్తమ్మా, గీ కెమెరా వేరే తీరు. దీంట్ల నడుమనున్నోళ్లకు ఏం గాదు. ఈ కుడిపక్క అంచుకున్నోళ్లకే దోషం" అన్నాను.

ఆమె ఇంకో మాట అడగలేదు. అక్కనూ పిల్లనూ ఎడమవైపుకు తోసి, తను గబగబా కుడి అంచుకు వెళ్లింది. అంతటితో ఆగక, అందరికంటే రెండడుగులు ముందుకొచ్చి నిలబడింది. ముందుంటే మరీ మంచిదనుకుందేమో. నేను లోలోపల గెలిచినట్టు సంబరపడిపోయాను. ఆమెకూ అక్కకూ మధ్య ఎంత ఎడముంది, ప్రింటు వేసేటప్పుడు గీత ఎక్కడ పడాలి, ఆమె మోచెయ్యి గీత దాటి వస్తోందా అని ఆమెనే చూస్తూ ఎనిమిది ఫోటోలు నొక్కాను. తర్వాత అందరం కట్ట మీద కూర్చుని ఆమె చేసిన సర్వపిండి తిన్నాం.

కెమెరా ఒకసారికి ఒక్క దూరాన్నే స్పష్టంగా చూస్తుంది. దానికి ముందూ వెనకా ఉన్నవి మసకబారతాయి. ఆ మసక ఎక్కువుంటే ఫోటో గొప్పగా ఉంటుందని ఎక్కడో చదివి, నేను దాన్ని ఎంత ఎక్కువ వీలైతే అంత పెట్టుకున్నాను. ఇక ఆ దూరం సరిచేసింది ఎవరి మీద? ఎవరిని తీసేయాలని చూస్తున్నానో, కన్నార్పకుండా ఎవరిని చూస్తూ కూర్చున్నానో, ఆమె మీద. ఎనిమిదింటిలోనూ అత్తమ్మ ముఖంలో ప్రతి ముడతా, ముక్కుపుడక రాయీ, చీర అంచులో పోగూ లెక్కపెట్టొచ్చు. ఆమె వెనక అక్క, బావ, పిల్ల పొగలో నిలబడ్డట్టున్నారు.

చాచా కళ్లద్దాలు సవరించుకుని చూశాడు. "ముసలమ్మ మస్తొచ్చింది మియా. ఇంత మంచి ఫోటో నువ్వు తీస్తవనుకోలే" అన్నాడు. తర్వాత, "వెనక ఆ ముగ్గురెవరు?" అన్నాడు.

స్టూడియో మెట్ల మీద కూర్చుని నన్ను నేను తిట్టుకున్నంతగా ఎవరూ ఎవరినీ తిట్టి ఉండరు. అక్క కవరు తీసి చూసింది. "అత్త మంచిగొచ్చింది" అంది. నువ్వు రాలేదు గదా అక్కా అంటే, "పోనీలేరా, నీ పాణం ఎందుకు పరేషాన్ జేస్కుంటవ్" అంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. అత్తమ్మ మాత్రం ఆ ఫోటోను అద్దం పక్కన పెట్టించుకుని, వచ్చిన వాళ్లందరికీ చూపించింది.

ఆ తర్వాత కూడా రెండు మూడుసార్లు ప్రయత్నించాను. ఒకసారి మేం బయల్దేరేసరికి వాన. ఒకసారి తోట గట్టు మీద ముగ్గురినీ నిలబెట్టి నొక్కబోతుంటే, చుట్టాలింటికి పోయిన అత్తమ్మ సాయంత్రం రావలసింది మధ్యాహ్నమే వచ్చి, చేతిసంచితో సహా నడుమ నిలబడింది. ఒకసారి బావే ఆ రోజు ఎరువుల కోసమని మేడ్చల్ వెళ్లిపోయాడు. కావాలనే వెళ్లాడని నాకు ఇప్పటికీ అనుమానం. చివరికి విసుగొచ్చి మానేశాను. అక్క కూడా అడగడం మానేసింది.

రెండువేలు దాటాక ఆ వైపంతా మారిపోయింది. ద్రాక్షలో మిగిలేది లేదని ఒక్కొక్కరే తోటలు తీసేశారు. బావ కూడా తీగలు కొట్టించేశాడు. చుట్టుపక్కల పొలాల్లో ప్లాట్ల రాళ్లు పాతారు. బావ తోటలో పందిరి మోసిన రాతి కడీలు మాత్రం వరసగా మిగిలాయి. నేను కూడా మారాను. కంపెనీ మానేసి ఫోటోల మీదే బతకడం మొదలుపెట్టి, మనుషుల నెత్తి మీద స్తంభాలు మొలవకుండా తీయడం నేర్చుకున్నాను.

ఒక వానాకాలం అత్తమ్మ మంచం పట్టింది. ఇరవై రోజులు పడుకుని పోయింది. దండ వేయడానికి ఫోటో కావాలంటే ఇల్లంతా వెతకాల్సిన పని లేకపోయింది. చాచా కొడుకు కట్ట మీది ఫోటోలో ఆమె ఒక్కదాన్నే పెద్దది చేసి ఇచ్చాడు. ఇంటికొచ్చిన వాళ్లంతా, ఎంత కళగా ఉందో, ఎవరు తీశారని అడిగారు. అక్క నా వైపు చూపించింది. నేను తల దించుకున్నాను.

ఏడాది మాసికం అయిపోయాక ఒక ఆదివారం కెమెరా పట్టుకుని రావల్కోల్ వెళ్లాను. పిల్ల పదో తరగతి పూర్తి చేసింది. అక్కకు చెంపల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. ఇప్పుడు ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురే. అడ్డం వచ్చేవాళ్లు లేరు, దాచుకుని తీయాల్సిన పని లేదు. సాయంత్రం అయిదింటికి ముగ్గురినీ తోట ఉన్న జాగాకు తీసుకెళ్లి, కడీల పక్కన నిలబెట్టాను. వెలుతురు ఎంత బాగుందంటే, ఇన్నేళ్లు నేర్చుకున్నదంతా ఆ ఒక్క సాయంత్రం కోసమే అనిపించింది.

"బావా, నువ్వు ఆ పక్క. పిల్ల నడుమ. అక్కా, నువ్వు ఈ పక్క. ఆఁ, గట్లనే" అన్నాను.

అక్క కదల్లేదు. "నువ్వు గూడ రా తమ్మీ" అంది.

"నేనొస్తే తీసేదెవరు?"

"అదేదో పెడితే దానంతటదే తీస్తదంట గద. పెట్టి రా."

"అక్కా, నువ్వడిగిన ఫోటో ఇదే. ముగ్గురిదే అడిగినవ్. ఎన్నేండ్లు తిప్పలపడ్డనో నీకెర్క లేదా?"

"ఎర్కనే. రా."

బావ వైపు చూశాను. ఆయన కడీ మీద మట్టిని గోటితో గీకుతున్నాడు. పిల్ల నవ్వాపుకుంటోంది. నాకు వచ్చిన కోపానికి కెమెరా నేలకేసి కొట్టాల్సింది. కొట్టలేదు. పొద్దు దిగిపోతోంది గనక నోరు మూసుకుని, నా మోపెడ్ సీటు మీద కెమెరా నిలబెట్టి, దానంతటదే పడేలా మీట తిప్పి, పరుగెత్తుకెళ్లి అక్క పక్కన కుడి అంచుకు నిలబడ్డాను. నిలబడుతున్నప్పుడే ఏం చేయాలో తేల్చుకున్నాను. అక్కకు తగలకుండా జానెడు ఎడంగా నిలబడ్డాను.

నన్ను తీసేసి ప్రింటు వేయించాను. గీత ఎక్కడా మనిషిని తాకలేదు. బావ తిన్నగా కెమెరాలోకే చూస్తున్నాడు. నడుమ పిల్ల నవ్వుతోంది, ఎండ దాని జుట్టు అంచున పడింది. అక్క తల కొంచెం పిల్ల వైపు వంగి ఉంది. నేను తీసిన వాటన్నిటిలో అంత మంచి ఫోటో లేదు. పెద్ద సైజులో వేయించి, అద్దం వేసి చుట్టూ చెక్క కట్టించి, తీసుకెళ్లి అక్క చేతిలో పెట్టాను. నలుగురి ఫోటో చిన్నది వేరే కవర్లో ఉంచాను.

అక్క పెరట్లో నిలబడి చూసింది. చాలాసేపు చూసింది. "మస్తొచ్చిందిరా" అంది. కొంగుతో అద్దం తుడిచింది. తర్వాత బొటనవేలు తీసుకొచ్చి నడుమ ఉన్న పిల్ల ముఖం మీద పెట్టి, పూర్తిగా మూసి, ఇటున్న తనను, అటున్న బావను చూసుకుంది. వేలు మాత్రం తీయలేదు.

"దీన్ని నువ్వే తీస్కపో తమ్మీ. నా ఇంట్ల వద్దు. నువ్వున్నది ఇచ్చిపో" అంది.

"పొయ్యిల పెట్టినందుకు ఆనాడు నువ్వే ఏడ్చినవ్ గదక్కా" అన్నాను. నా గొంతు నాకే కఠినంగా వినిపించింది. "ముగ్గురమే కావాలె, ఇంకెవ్వరొద్దు అని నువ్వే అడిగినవ్."

"అడిగిన" అంది అక్క. "అప్పుడు నడుమ నిలబడనీకె ఆమె ఉండె."

నేను చెయ్యి చాపాను. అక్క ఆ ఫోటోను నా చేతికి ఇచ్చేదాకా వేలు అక్కడే ఉంచింది.